నాయన బండికి కొత్త కాయిల్



ఈ మాసము మేము వ్రాస్తున్నది పాత మోటారు సైకిలు గురించి. ఇది మగవారి విషయమని అమ్మలు, అక్కలు పుట తిప్పవద్దని మనవి. బండి దారిలో ఆగిపోయినప్పుడు చెట్టు కింద కూర్చుని ఎదురుచూసేది చాలాసార్లు వెనుక కూర్చున్నవారే. మా ఇంట జరిగినదీ అదే.

మాది గుమ్మడిదల. హైదరాబాదు నుండి నర్సాపూర్ మీదుగా మెదక్ వెళ్ళే రోడ్డు మీద ఉన్న ఊరు. క్రిస్మస్ పండుగకు మెదక్ చర్చికి పోయే కుటుంబాలు ఎన్నో మా ఊరి మీదుగానే పోతాయి. ఒకప్పుడు జిన్నారం మండలములో ఉన్న మా ఊరు, 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు మండల కేంద్రమయ్యింది. ఒకవైపు బొంతపల్లి, గడ్డపోతారం, ఖాజీపల్లి ఫ్యాక్టరీలు. మరొకవైపు నర్సాపూర్ అడవి. పొలము కొంత, షిఫ్టు డ్యూటీ కొంత, ఈ రెండింటి మధ్య మా కుటుంబాల బ్రతుకు. అందుకే ఇక్కడ బండి అంటే సోకు కాదు, అన్నము పెట్టే వస్తువు.

మా నాయన పటాన్‌చెరులో ఫిట్టరుగా పనిచేశారు. ఆయన సెకండ్‌హ్యాండులో కొన్న 350 సి.సి. బుల్లెట్ ఇంకా మా ఇంట్లో ఉంది. ఈ బండ్లు మన దేశములో 1950ల నుండి మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో తయారైనవి. మాది 1970ల నాటిది. మొదట 6 వోల్టులది. తరువాత నాయనే దానిని 12 వోల్టులకు మార్పించారు. ఆయన బండి తీసే పద్ధతి మాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. తాళము తిప్పి, హెడ్‌లైటు పైన ఉన్న అమ్మీటరు ముల్లు వైపు చూసేవారు. ముల్లు కొంచెము కిందికి వాలి, మళ్ళీ మధ్యకు వచ్చేదాకా కిక్కును మెల్లగా ఒత్తేవారు. ఆ తరువాత ఒక్క కిక్కు. రెండవది కొట్టే అవసరము అరుదుగా వచ్చేది. నాయన పోయిన తరువాత ఆ బండి మా తమ్ముని చేతికి వచ్చింది. బొంతపల్లి వైపు ఒక ఫ్యాక్టరీలో అతనికి రాత్రి షిఫ్టు.

మొన్న మే నెలలో తమ్ముడు అమ్మను షుగరు పరీక్షకు నర్సాపూర్ తీసుకుపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు అడవి మధ్యలో బండి రెండు మూడు సార్లు మిస్సింగ్ కొట్టి ఆగిపోయింది. ఎన్ని కిక్కులు కొట్టినా పలుకలేదు. అమ్మ రోడ్డు పక్కన రాయి మీద కూర్చుంది. చుట్టూ కోతులు. చేతిలోని మందుల సంచి కోసము అవి పైపైకి వస్తున్నాయి. ఇరవై నిమిషాల తరువాత బండి దానంతట అదే బాగుపడినట్టు లేచింది. ఐదు కిలోమీటర్లు నడిచి మళ్ళీ ఆగింది. ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది. అమ్మకు ఆకలికి చెమటలు పట్టి, చేతులు వణుకుతున్నాయి.

"మీ నాయన ఉన్నప్పుడు గీ బండి గిట్ల ఎన్నడన్న ఆగిందా?" అని అమ్మ ఒక్క మాట అన్నది. తమ్ముని ముఖము నల్లబడింది.

ఆ మాట మీద మేము ఇంకొక మాట చేర్చాము. "బండిని సరిగా చూసుకోవడము రానప్పుడు అమ్మేద్దాము" అన్నాము. మరుసటి వారము పాత ఇనుము కొనే మనిషిని పిలిపించాము కూడా. తమ్ముడు ఏమీ అనలేదు. కాని ఆ రోజు నుండి మా ఇంట అన్నము తినడము మానేశాడు. ఒకే వాకిలి, రెండు పొయ్యిలు అయ్యాయి.

అతడు ఊరుకోలేదు. ఓవర్‌టైము డబ్బుతో ఒక దుకాణములో 'పవర్ కాయిల్' అని అమ్మేది కొని బిగించుకున్నాడు. నిజము చెప్పాలంటే బండి గుఱ్ఱములా నడిచింది. ఒక్క కిక్కుకే లేచేది. మూడు వారాలు గడిచాయి. ఒక రాత్రి రెండు గంటలకు ఫ్యాక్టరీ గేటు ముందర పూర్తిగా ఆగిపోయింది. ఈసారి చల్లారిన తరువాత కూడా లేవలేదు. తమ్ముడు అంత దూరమూ తోసుకుంటూ వచ్చాడు.

తెల్లవారి మేము తలుపు తీసేసరికి, బండి పక్కన నేల మీదనే కూర్చుని నిద్రపోతున్నాడు. అది చూచిన తరువాత ఇక అమ్మే మాట మా నోట రాలేదు. ఇద్దరమూ కలిసి బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని పటాన్‌చెరులో నాయనకు తెలిసిన ఒక ముసలి ఉస్తాద్ దగ్గరికి పోయాము.

అక్కడ మేము నేర్చుకున్నదే ఈ మాసము మీకు చెప్పదలచినది.

ముందుగా కాయిల్ ఏమి చేస్తుందో చూద్దాము. బ్యాటరీలో ఉన్నది 6 లేక 12 వోల్టులు మాత్రమే. ప్లగ్గు కొన వద్ద నిప్పురవ్వ ఎగరాలంటే వేల వోల్టులు కావాలి. కాయిల్ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. దాని మీద లావు రాగి తీగ కొన్ని వందల చుట్లు, వెంట్రుక వంటి సన్నని తీగ వేల చుట్లు ఉంటాయి. పాయింట్లు కలిసి ఉన్నప్పుడు లావు తీగలో కరెంటు పారి, కడ్డీ అయస్కాంతమవుతుంది. పాయింట్లు విడిపోగానే కరెంటు టక్కున ఆగుతుంది. మన బోరు పైపులో నీరు జోరుగా పారుతుండగా వాల్వు ఒక్కసారి మూస్తే పైపు ఎట్లా గుద్దుకుంటుందో చూశారు కదా! అటువంటి గుద్దే ఇక్కడ కరెంటుకు కలుగుతుంది. ఆ గుద్దు సన్నని తీగలో పది, పదిహేను వేల వోల్టులై ప్లగ్గుకు పోతుంది. పాయింట్ల పక్కన ఉండే చిన్న డబ్బా వంటి కండెన్సర్, ఆ గుద్దులో పాయింట్లు కాలిపోకుండా కాపాడుతుంది.

ఈ కాయిల్ వెనుక ఉన్న మనుష్యుల సంగతి కూడా మన పాఠకులకు నచ్చుతుంది. అయస్కాంతము మారితే తీగలో కరెంటు పుడుతుందని 1831లో కనుగొన్నవాడు మైకేల్ ఫారడే. కమ్మరి కొడుకు. పుస్తకాలు కుట్టే దుకాణములో పని నేర్చుకున్న పిల్లవాడు. లండనులో ఒక చిన్న సంఘములో పెద్దగా కూడా ఉన్నాడు. ఐదేండ్ల తరువాత, 1836లో, లావు తీగ మీద సన్నని తీగ చుట్టి గొప్ప వోల్టేజి పుట్టించే కాయిల్‌ను చేసినవాడు నికొలస్ కాలన్. ఆయన ఐర్లాండులో మేనూత్ అనే ఊరి కళాశాలలో పాఠము చెప్పిన క్యాథలిక్ గురువు. బ్యాటరీ, కాయిల్, పాయింట్లు అనే ఈ ఏర్పాటును 1910 ప్రాంతములో కార్లకు అమర్చినవాడు అమెరికాకు చెందిన చార్లెస్ కెటరింగ్. మా నాయన బండిలో ఉన్నది అదే ఏర్పాటు.

ఇక ఉస్తాద్ ఏమి చేశారో వినండి. ఆయన బండిని కిక్కు కొట్టనే లేదు. తాళము తిప్పి అమ్మీటరు వైపు చూశారు. ముల్లు ఆ కొసకు పోయి కొట్టుకుంది.

"గీ ముల్లు చూస్తలేరా? మీ నాయన గిదే సూసి బండి తీసెటోడు" అన్నారు.

తరువాత మల్టీమీటరు తీసి, తమ్ముడు బిగించిన కొత్త కాయిల్‌ను కొలిచారు. లావు తీగ నిరోధము ఒక ఓమ్ కంటె తక్కువ. అటువంటి కాయిల్ ఎలక్ట్రానిక్ పెట్టె ఉన్న బండ్లకు చేసినది. అక్కడ కరెంటును ఎంతసేపు పారనివ్వాలో పెట్టె చూసుకుంటుంది. పాయింట్లకు ఆ తెలివి లేదు. అవి కలిసి ఉన్నంతసేపూ కరెంటు పారుతూనే ఉంటుంది. ఈ లెక్క బడి పిల్లలకు తెలిసినదే: వోల్టులను ఓములతో భాగిస్తే ఆంపియర్లు. 12 వోల్టులకు 3 ఓముల కాయిల్ ఉంటే 4 ఆంపియర్లు. మన పాయింట్లు మోయగలిగినది సుమారు అంతే. ఒక ఓమ్ కంటె తక్కువ ఉంటే అది 10 ఆంపియర్లు దాటుతుంది. అందుకే మూడు వారాలు గుఱ్ఱములా పరుగెత్తిన బండి, నాలుగవ వారములో పాయింట్లు కాల్చుకుని చతికిలబడింది. విప్పి చూస్తే పాయింట్ల ముఖాలు మాడిన అప్పడాల వలె ఉన్నాయి.

తమ్ముడు తల వంచుకున్నాడు. "నీ తప్పు గాదు బిడ్డా, అమ్మినోడు చెప్పాలె" అని ఉస్తాద్ అతని భుజము తట్టారు.

అప్పుడు మేము అడిగాము: "మరి పాత కాయిల్ ఎందుకు పోయింది?"

పాత కాయిల్ మా సంచిలోనే ఉంది. చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే 3 ఓములకు పైగా, సరిగానే చూపించింది. నిప్పురవ్వ కూడా నీలముగా వచ్చింది. ఉస్తాద్ దానిని మధ్యాహ్నపు ఎండలో రేకు మీద గంటసేపు ఉంచి మళ్ళీ పరీక్షించారు. ఈసారి రవ్వ పసుపు రంగులో, ఉండి ఉండి, చీమ కుట్టినట్టు వచ్చింది. వేడెక్కితే రాగి తీగ నిరోధము కొంత పెరగడము సహజమే. ప్రతి 10 డిగ్రీలకు నూటికి నాలుగు వంతులు పెరుగుతుంది. అది చిన్న నష్టము. కాని లోపల తీగల మధ్య పూత దెబ్బతిన్నప్పుడు, వేడికి కరెంటు అడ్డదారి పడుతుంది. చల్లారితే మళ్ళీ దారిలో పడుతుంది. అమ్మ అడవిలో కూర్చున్న ఆ ఇరవై నిమిషాల మర్మము ఇదే.

"చాబీ ఆన్‌ల పెట్టి ఎన్నడన్న మర్చిపోయిన్రా?" అని ఉస్తాద్ అడిగారు.

తమ్ముడు లేదన్నాడు. మేము మాత్రము వెంటనే ఏమీ అనలేకపోయాము.

ఎందుకంటే మరచినది మేమే. మార్చిలో ఒక ఆదివారము, తమ్ముడు డ్యూటీకి బస్సులో పోయినప్పుడు, మేము అతనికి చెప్పకుండా బండి తీయబోయాము. లేవలేదు. విసుగు పుట్టి కొట్టములో వదిలి వచ్చాము. తాళము ఆన్‌లోనే ఉండిపోయింది. తెల్లవారి చూస్తే బ్యాటరీ చచ్చిపోయింది. తాళము మెల్లగా తీసి మేకుకు తగిలించి, ఏమీ తెలియనట్టు ఊరుకున్నాము. పాపము, తమ్ముడు బ్యాటరీ పాతదైందనుకుని కొత్తది కొన్నాడు. పాయింట్లు కలిసి ఉండగా ఇంజను ఆగితే, కాయిల్‌లో 4 ఆంపియర్లు ఆగకుండా పారుతాయని, అది దాదాపు 48 వాట్ల వేడి అని, బ్యాటరీ అయిపోయేదాకా కాయిల్ ఉడుకుతూనే ఉంటుందని మాకు ఆనాడు తెలియదు. తెలియకపోవడము తప్పు కాదు. చెప్పకపోవడము తప్పు. దాని మీద "చూసుకోవడము రాదు" అని అతనినే అనడము ఇంకా పెద్ద తప్పు.

ఉస్తాద్ ముందరనే ఆ మాట చెప్పాము. తమ్ముడు కొంతసేపు మమ్ములను చూశాడు. "గా బ్యాటరీ పైసలు ఇయ్యి అన్నా మరి" అన్నాడు. ముగ్గురమూ నవ్వాము. పైసలు ఆ సాయంత్రమే ఇచ్చాము.

కొత్త సామాను కోసము తమ్ముడు హైదరాబాదులోని పుత్లీబౌలికి పోయాడు. పాయింట్లకు తగిన 3 ఓముల 12 వోల్టుల కాయిల్, కొత్త పాయింట్లు, కొత్త కండెన్సర్, ప్లగ్గు తీగ, ప్లగ్గు టోపీ తెచ్చాడు. ఖర్చంతా కలిపినా పాత ఇనుము మనిషి చెప్పిన ధరలో ఒక ముక్క మాత్రమే అయ్యింది.

మీ ఇంట కూడా పాత బుల్లెట్టో, ఎజ్డీయో, పాయింట్లు ఉన్న మరొక బండియో ఉంటే, కాయిల్ కొనడానికి ముందు ఈ క్రమములో చూడండి.

1. ముందు ప్లగ్గు. తీసి శుభ్రము చేయండి. మా బుల్లెట్టుకు సందు సుమారు అర మిల్లీమీటరు. రూపాయల పని ఉన్నచోట వేల పని పెట్టుకోవద్దు.

2. తరువాత పాయింట్లు. బుల్లెట్టుకు సందు 0.35 నుండి 0.40 మిల్లీమీటరు. ఫిల్లర్ గేజితో కొలవాలి, కంటి చూపుతో కాదు. సందు మారితే టైమింగు కూడా మారుతుంది. కనుక మొదట సందు, తరువాత టైమింగు.

3. పాయింట్ల మధ్య పెద్దగా మెరుపులు వస్తుంటే కండెన్సరును అనుమానించండి. వేడికి ఆగే రోగము దీనికి కూడా ఉంటుంది. తక్కువ ధర వస్తువు గనుక ముందు దీనినే మార్చి చూడవచ్చు.

4. తీగలు, ఎర్తు, తాళము స్విచ్చి. పాయింట్లు కలిసి ఉండగా బ్యాటరీ వద్ద ఎన్ని వోల్టులు ఉన్నాయో, కాయిల్ వద్ద ఎన్ని ఉన్నాయో కొలవండి. అర వోల్టు కంటె ఎక్కువ తేడా ఉంటే తుప్పు పట్టిన అతుకులు శుభ్రము చేయండి. 6 వోల్టుల బండిలో ఒక్క వోల్టు పోతే, కరెంటు ఆరవ వంతు తగ్గినా, రవ్వ బలము సుమారు మూడవ వంతు తగ్గిపోతుంది. కరెంటు సగమైతే బలము నాలుగవ వంతే మిగులుతుంది. చాలా బండ్లకు కావలసినది కొత్త కాయిల్ కాదు, శుభ్రమైన ఎర్తు.

5. చివరకు కాయిల్. చల్లగా ఉన్నప్పుడు, వేడిగా ఉన్నప్పుడు రెండుసార్లు పరీక్షించాలి. మార్చవలసి వస్తే, పాయింట్లు ఉన్న 12 వోల్టుల బండికి సుమారు 3 ఓములు, 6 వోల్టుల బండికి సుమారు ఒకటిన్నర ఓములు ఉన్నది చూడండి. 6 వోల్టుల కాయిల్‌ను 12 వోల్టుల బండికి పెడితే పాయింట్లు కాలుతాయి. 12 వోల్టులది 6 వోల్టుల బండికి పెడితే రవ్వ చాలదు. సి.డి.ఐ. బండ్ల కాయిల్ వేరే జాతి; పాయింట్లకు పనికిరాదు. కొట్టువానిని 'పవర్ ఎంత' అని కాదు, 'ఓములు ఎన్ని' అని అడగండి. తీగలు తీసే ముందు ఏది ఎక్కడిదో కాగితము మీద వ్రాసుకోండి. తారుమారైతే రవ్వకు ఎక్కువ వోల్టేజి కావలసి వస్తుంది.

6. రవ్వ చూసేటప్పుడు ప్లగ్గు లోహపు భాగమును ఇంజనుకు ఆనించి ఉంచండి. తీగను చేతితో పట్టవద్దు. గాలిలో వదలి కిక్కు కొడితే కాయిల్ లోపలి పూత చీలిపోతుంది. పెట్రోలు కారుతున్న చోట అసలే చూడవద్దు.

కొందరు పాయింట్లే తీసివేసి ఎలక్ట్రానిక్ పెట్టె పెట్టిస్తారు. అది మంచి ఏర్పాటే. పాయింట్లు అరగడము, సందు సరిచేయడము ఉండదు. అప్పుడు తక్కువ ఓముల కాయిల్ కూడా, ఆ పెట్టె ఒప్పుకున్నదైతే, వాడవచ్చు. కాని అడవి దారిలో పెట్టె పోతే చేయగలిగినది ఏమీ లేదు. పాయింట్లనైతే గరుకు కాగితముతో రుద్ది ఇంటికి చేరవచ్చు. తమ్ముడు అందుకే పాయింట్లనే ఉంచుకున్నాడు.

ఇంకొక మాట. తీసిన పాత భాగాలను పారవేయకండి. 2021లో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపములో ఉన్న బండిని వింటేజి వాహనముగా నమోదు చేయించవచ్చు. అయితే అట్లా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తప్ప రోజువారీ పనికి నడపరాదు. డ్యూటీకి పోయే బండికి అది కుదరదు. మామూలుగా 15 ఏండ్ల తరువాత చేయించే రెన్యువల్ తేదీ దాటకుండా చూసుకోవడమే మనకు ముఖ్యము.

బండి తయారైన మొదటి ఆదివారము, ఆరాధన ముగిసిన తరువాత, తమ్ముడు ఒక్కడే నర్సాపూర్ పోయి చూసి వస్తానన్నాడు. మధ్యాహ్నము, మంచి ఎండ. ఉస్తాద్ కూడా వేడిలోనే పరీక్షించమన్నారు.

"నేను గూడ వస్త" అని అమ్మ చెప్పులు వేసుకుంది.

"వద్దమ్మా, ఆగితే మళ్ళ కష్టమైతది" అన్నాడు తమ్ముడు.

"ఆగితే కూసుంట. గాని మందుల సంచి తేను, కోతులకు అలవాటయ్యింది" అన్నది అమ్మ.

తమ్ముడు తాళము తిప్పాడు. మేము పక్కనే నిలిచి ముల్లు చూశాము. అది కొంచెము కిందికి వాలి, కిక్కు ఒత్తగానే మధ్యకు వచ్చింది. ఒక్క కిక్కు. వాళ్ళు వెళ్ళిన గంటన్నరకు అదే చప్పుడు మలుపు దగ్గర వినబడింది. ఎక్కడా ఆగలేదట. అమ్మ దిగి, కొంగుతో ట్యాంకు మీది దుమ్ము తుడిచింది. ఆ రాత్రి అందరము ఒకే పొయ్యి మీది అన్నము తిన్నాము.

ఇప్పుడు మా కొట్టము తలుపు లోపలి వైపు సుద్దతో వ్రాసిన మాట ఒకటి ఉంది: "చాబీ తీశారా?" అది వ్రాసినవాడు తమ్ముడు కాదు, మేమే. మీ ఇంట పాత బండి ఉంటే మీ తలుపు మీద కూడా వ్రాసుకొనండి. మరచిపోయిన రోజున మాత్రము, తెల్లవారగానే ఇంట్లోవారికి చెప్పండి. కాయిల్ కొత్తది కొనుక్కోవచ్చు.